నిచ్చెన మీద ఉన్న మనిషి

షమీమ్ ఫోన్ చేసి, "భాయ్ పోయిండు సుగుణా. తెల్లారగట్ల నమాజుకు లేపుదామని పోతే లేవలే" అని చెప్పినప్పుడు నేను పట్నంలో మా వంటగదిలో కందిపప్పు కడుగుతున్నాను. కొళాయి కట్టేశాను. తర్వాత తనే, "నువ్వు రావాల్నని ఏం లేదు, దూరం గదా" అంది. వస్తున్నానని చెప్పి, తడి చేతులతోనే సంచి సర్దుకుని బీదర్ బస్సెక్కాను.

భాయ్ అంటే షమీమ్ వాళ్ల అన్న సాదిక్. బీదర్ గంజ్ బజారులో మా దుకాణం వెనక సందులో ఉండేవాడు. దుకాణాల బోర్డులు రాసి బతికేవాడు. బస్సు ఊరు దాటకముందే మా బంధువుల ఫోన్ గ్రూపులో ఒక వార్త వచ్చింది. 'బస్టాండు పేలుడు కేసు నిందితుడు బీదర్‌లో మృతి' అని ఎర్ర అక్షరాలు, కింద సాదిక్ పాత ఫొటో. కోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసిందన్న మాట ఎక్కడా లేదు. ఆ వార్త కింద మా పెద్దమామ కొడుకు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, 'ఇన్నేళ్లకు దేవుడు శిక్ష వేశాడు' అని రాశాడు. వాడిని తప్పుపట్టలేను. ఆ పేలుడులో పోయింది వాడి సొంత బాబాయి, మా చిన్నమామ. నేను జవాబు రాయబోయి తుడిచేశాను. ఫోన్‌లో రెండు వాక్యాల్లో చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లూ దుకాణమూ ఒకటే కట్టడం. ముందు పప్పుల దుకాణం, నడిమిట్ల గోదాము, వెనక వాకిలి, వంటిల్లు. కొత్త కంది వచ్చే రోజుల్లో గోనె సంచుల వాసన, ఆ పొట్టు దుమ్ము పరుపుల్లోకి, పాలగిన్నెల్లోకి, మా జడల్లోకి కూడా వచ్చేసేది. అమ్మ రాజమ్మ పొద్దున లేచిన వెంటనే దుకాణం ముందు ఎర్రమట్టి లేవకుండా నీళ్లు చల్లేది. తర్వాత పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడు వింటూనే మాకు తెలివొచ్చేది. హుల్సూర్ వైపు నుంచి వచ్చిన రైతులు సంచులు దింపి, వాకిట్లో కాళ్లు కడుక్కుని, ఆ రొట్టెలే తిని పోయేవాళ్లు. అమ్మమ్మ మా దగ్గరే ఉండేది. నస్యం డబ్బీ బొడ్లో దోపుకుని, వచ్చిన ప్రతి సంచిలోంచీ రెండు గింజలు తీసి కొరికి, ఎవరూ అడగకపోయినా, "తడి ఉన్నది" అనో "మంచిగ ఎండింది" అనో తీర్పు చెప్పేది.

మా నాన్న, అంటే బాపుది మరో లోకం. నిజాం కాలపు బళ్లో ఉర్దూ చదువుకున్న మనిషి. దుకాణం లెక్కలు ఉర్దూలో, అధికారులతో మాట కన్నడలో, ఇంట్లో తెలుగు. పొద్దున ఉర్దూ పేపరు, సాయంత్రం రేడియోలో వార్తలు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పేపరు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఇంటిల్లిపాదికీ వినపడేలా చదివేవాడు. ఆయనకు అచ్చులో పడ్డ మాట మీద, రేడియోలో వచ్చిన మాట మీద ఎంత నమ్మకమంటే, గంజ్‌లో ఏ వాదన వచ్చినా, "రేడియోల జెప్పిండ్రు గదా" అంటే అక్కడితో అయిపోయినట్టే. పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఊరికే అబద్ధం ఎందుకు చెప్తారని ఆయన నిజంగానే అనుకునేవాడు.

నాకు తెలుగు చదవడం నేర్పింది చిన్నమామ శ్రీనివాసు. మా బడి కన్నడం. తెలుగు ఇంట్లో నాలుక మీదే తప్ప కంటికి కనిపించేది కాదు. చిన్నమామ పట్నంలో ఒక మందుల దుకాణంలో పని చేసేవాడు. సెలవు దొరికినప్పుడల్లా సాయంత్రం బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవాడు. వస్తూ బిస్కెట్ల పొట్లం, చదివేసిన తెలుగు వారపత్రికల కట్ట తెచ్చేవాడు. అమ్మమ్మకు బిస్కెట్లు, నాకు పత్రికలు. గోదాములో సంచుల మీద నన్ను కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం వేలుతో చూపించి, కథ మధ్యలో ఆపేసి, "ఇగ ఉన్నది నువ్వే చదువు" అనేవాడు. మిగిలిన కథ కోసం నేను చచ్చినట్టు చదివేదాన్ని. నేను ఈ భాషలో నాలుగు పుస్తకాలు రాశానంటే అది ఆ సంచుల మీద పడ్డ పునాదే.

నేను పి.యు.సి. మొదటి ఏడు చదువుతుండగా బాపు దుకాణానికి కొత్త బోర్డు రాయించాలనుకున్నాడు. కన్నడం పెద్దగా, ఉర్దూ పక్కన, కింద తెలుగు. బీదర్‌లో తెలుగు బోర్డు చదివేవాళ్లు ఎంతమందని అందరూ నవ్వారు. ఆయన వినలేదు. సాదిక్‌కు అప్పుడు ఇరవై దాటి రెండు మూడేళ్లు ఉంటాయేమో. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గోళ్ల చుట్టూ రంగుతో ఉండేవాడు. అతనికి తెలుగు రాదు. అంతకుముందు వచ్చినప్పుడు చిన్నమామ ఒక కాగితం మీద మా దుకాణం పేరు పెద్ద అక్షరాలతో రాసిచ్చి వెళ్లాడు. దాన్ని బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు గీయాలి.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక సాదిక్ నిచ్చెన వేసుకుని పని మొదలుపెట్టాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి తెలుగు వరుస పూర్తి చేసి, అక్షరాల చుట్టూ వెండి రంగు నీడ కూడా దిద్దేశాడు. నేను తల ఎత్తి చదివాను. 'విశనాథ' అని ఉంది. కింద ఉండాల్సిన వత్తు ఎగిరిపోయింది.

"సాదిక్ భాయ్, మా బాపు పేరు ఖరాబు చేసినవ్" అన్నాను.

"ఎక్కడ? అంతా అట్లనే దించిన గదా!" అని అతను కాగితం చూసుకుని నాలుక కరుచుకున్నాడు. ఆ వత్తు ఉన్నచోట అతని బొటనవేలి రంగు మరక పడి ఉంది.

మొత్తం వరుస టర్పెంటైన్‌తో తుడిచి మళ్లీ రాయాల్సి వచ్చింది. అమ్మకు ఒళ్లు మండింది. దీపాలు పెట్టే వేళకు గడప మీద రంగు చుక్కలు, ఇంటి నిండా టర్పెంటైన్ కంపు. "చీకటి పడ్తాంది, ఇంక ఎంతసేపు గుంజుతవ్?" అని కింద నుంచి కేకలేసింది. అతను పైనుంచే, "అయిపాయె అక్కా, అయిపాయె" అంటూ మసక వెలుతురులో కళ్లు చిట్లించి రాశాడు. దిగాక వాకిట్లో చేతులు కడుక్కుని రొట్టె తిన్నాడు. అమ్మ అప్పటికీ కోపంగానే ఉంది, అయినా వెల్లుల్లి కారం మీద ఇంకొంచెం నూనె పోసింది.

సరిగ్గా ఆ సాయంత్రమే, పొద్దుగూకుతుండగా, పట్నం బస్టాండులో మా ఊరి బస్సు ఆగే చోట బాంబు పేలింది. చిన్నమామ ఆ బస్సు కోసమే నిలబడి ఉన్నాడు.

రేడియోలో వార్త విన్నప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. అతను ఆ రోజు బయల్దేరాడని మాకు తెలియదు. గంజ్‌లో పక్క దుకాణానికి ఫోన్ వచ్చింది. బాపు ఒక లోడు లారీలో పట్నం వెళ్లాడు. మర్నాడు పొద్దు బాగా ఎక్కాక చిన్నమామను తెచ్చారు. మొహం తప్ప ఇంకేమీ చూపించలేదు. అమ్మమ్మ ఆ మొహం మీద చేయి వేసి, "బిస్కెట్లు తేకపోతే తేకపాయె, నువ్వు రావాలె గద బిడ్డా" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నోట ఒక్క మాట రాలేదు. కట్టెల దగ్గరికి వెళ్లే దారంతా సాదిక్ వెనకాలే నడిచాడు. అతని అమ్మ, మేమందరం ఖాలా అని పిలిచే మనిషి, మా వంటింట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా మూడు పూటలూ తనే టీ కాచి పంపింది.

కర్మ అయిన కొన్నాళ్లకు సాదిక్‌ను టీ కొట్టు దగ్గర పట్టుకుపోయారు. పట్నం నుంచి వచ్చిన పోలీసులని చెప్పుకున్నారు. తర్వాతి పొద్దున బాపు పేపరు తెరిచాడు. పెద్దగా చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆపేశాడు. అమ్మ చేతిలో పిండి అలాగే ఉంది.

"ఏమైంది? సదువు" అంది.

"బాంబు సంచి బస్టాండుల పెట్టింది సాదికేనట. అదే దినం సాయంత్రం పెట్టిండట. ఇంట్ల పేలుడు సామాను దొరికిందట."

పేపర్లో ఫొటో ఉంది. బల్ల మీద వరసగా డబ్బాలు, సీసాలు, వైరు ముక్కలు. అమ్మ పిండి చేతులతోనే వంగి ఆ బొమ్మ చూసింది. ఆమెకు చదువు రాదు. "ఈ డబ్బా మనింట్ల పెట్టి కలిపిండు గదా. వెండి పొడి. వార్నీసుల కలిపి మన బోర్డుకు పూసిండు. ఇది టర్పెంటైన్ సీసా. దీని కంపుకే గదా నాకు ఆ పొద్దంత తలనొచ్చింది" అంది.

"పేపర్ల రాసిండ్రు రాజమ్మా" అన్నాడు బాపు. ఆయన గొంతులో కోపం లేదు. నేల కదిలినప్పుడు గోడ పట్టుకునే మనిషిలా ఆ మాటను పట్టుకున్నాడు. వెండి పొడి అంటే అల్యూమినియం పొడి అని, దాన్ని పేలుడుకూ వాడతారని తర్వాత పేపర్లే రాశాయి. నిజమే కావచ్చు. అలా అయితే మా ఊళ్లో బోర్డులు రాసే ప్రతివాడి ఇంట్లోనూ పేలుడు సామాను ఉన్నట్టే.

వారం తిరక్కుండానే ఒక పెద్ద అధికారి మా ఇంటికి వచ్చాడు. చచ్చిపోయినవాళ్ల కుటుంబాలను పలకరించడానికి వచ్చానన్నాడు. మర్యాదగల మనిషే. చెప్పులు బయట విడిచి, చిన్నమామ ఫొటో ముందు తల వంచి, కుర్చీలో కూర్చున్నాడు. "దొరికిండమ్మా. మీ తమ్ముని ఉసురు ఊరికే పోదు. న్యాయం జరుగుతది" అన్నాడు.

అమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. పరాయి మగవాళ్ల ముందు నోరెత్తని మనిషి. "ఏ యాళ్లకు పెట్టిండంటున్నరు సారూ?" అని అడిగింది.

"పొద్దుగూకే ముందు."

"ఆ యాళ్లకు వాడు మా దుకాణం ముంగట నిచ్చెన మీద ఉండె."

అధికారి బాపు వైపు చూశాడు. బాపు నేల చూశాడు. "దుఃఖంల ఉన్నరు. దినాలు కలగాపులగం అయితయమ్మా, ఎవరికైనా" అన్నాడు అధికారి మెత్తగా.

"నా తమ్ముడు పోయిన దినం నాకు మతికుండదా సారూ?"

ఆయన టీ సగం తాగి లేచాడు. వెళ్తూ గుమ్మం దగ్గర బాపుతో, "మీ ఇంట్లోళ్లను జర సముదాయించండి సేఠ్. ఇసొంటి మాటలు బయట పోతే పోయినోళ్లకే అన్యాలం అయితది" అన్నాడు.

అంతే, మా ఇల్లు రెండుగా చీలింది. ఖాలా రోజూ మధ్యాహ్నం వచ్చి మా గడప బయట కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. షమీమ్ పక్కన నిలబడి గోడ గీకుతుండేది. నా ఈడు పిల్ల, నా జట్టు. అయినా నా వైపు చూసేది కాదు. అమ్మమ్మ లోపలి నుంచి ఖాలాను చూసి తలుపు మూసెయ్యమని చేత్తో సైగ చేసేది. ఒక రోజు అమ్మ తలుపు మూయలేదు. ఖాలా పక్కన వెళ్లి కూర్చుని, "ఎక్కడ అడిగినా చెప్త. నేను చూసిన్నని చెప్త" అంది.

చాలా రోజుల తర్వాత అమ్మమ్మ గొంతు విన్నది అప్పుడే. "నా కొడుకు పోయిండు. ఎవన్నో ఒకన్ని పట్టుకున్నరు. నువ్వు పోయి వాన్ని ఇడిపిస్తవా? నువ్వు నా కడుపున పుట్టినదానివేనా?"

"వాడు కాదమ్మా."

"నీకెట్ల తెలుసు? వాళ్లకు తెల్వనిది నీకు తెలుసా?"

"నాకు ఇంకేం తెల్వది. ఆ పొద్దు వాడు ఈడ ఉండె. అది తెలుసు. వీన్ని లోపలేసి తలుపు పెట్టుకుంటే, సీనుగాన్ని చంపినోడు బజార్ల తిరుగుతనే ఉంటడు. ఇంక వాని కోసం ఎవరన్న దేవులాడుతరా?"

అమ్మమ్మ ఆ వారమే మూట కట్టుకుని జహీరాబాద్ దగ్గర పెద్దమామ ఊరికి వెళ్లిపోయింది. బస్సెక్కేటప్పుడు అమ్మ కాళ్లకు మొక్కబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది.

బాపు గంజ్‌లో ఒక్కొక్కరినే అడిగాడు. ఆ సాయంత్రం అందరూ అక్కడే ఉన్నారు. బోర్డు తప్పు పడిందని నవ్వినవాళ్లే. "ఏమో సేఠ్, యాదికి లేదు" అన్నారు. చింతపండు దుకాణం ఆయన మాత్రం నిజాయితీగా చెప్పాడు. "యాదికుంది విశ్వనాథం. మంచిగనే యాదికుంది. గని నాకు ఇద్దరు కొడుకులున్నరు. రేపు వాళ్లను పిల్చి కూసోబెడ్తె నేనెక్కడికి పోవాలె?" బాపు ఆయన్ను ఏమీ అనలేదు. తానూ ఇంకా ఏ మాటా తేల్చుకోని మనిషే కదా.

తన నమ్మకాన్ని ఆయన పేపర్లోనే పోగొట్టుకున్నాడు. అమ్మ చెప్పిన సంగతి సాదిక్ తరఫు వకీలు ద్వారా బయటికి పోయాక కథ మారింది. సాయంత్రం పెట్టిన సంచి పొద్దున పెట్టినదైంది. పొద్దున సాదిక్ పక్క సందులో మసీదు గేటుకు రంగు వేస్తున్నాడని తేలాక, అతను సంచి పెట్టలేదు, సామాను మాత్రం అందించాడని రాశారు. అదే పేపరు, అదే చోట. ముందు రాసింది తప్పని ఒక్క ముక్క లేదు. ఆ పొద్దున బాపు చదవడం ఆపి, కళ్లజోడు తీసి, పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నాడు. "మొన్న సాయంత్రమన్నరు, నిన్న పొద్దుగాలన్నరు, ఇయాల అసలు పోనే లేదంటున్నరు. మనిషి మాత్రం వాడే" అన్నాడు. ఎవరితోనూ కాదు. అంగీ తొడుక్కుని వకీలు దగ్గరికి వెళ్లి తన పేరు కూడా రాయించి వచ్చాడు. ఆనాటి నుంచి ఆయన పేపరు చదివాడు గానీ, పైకి చదవడం మానేశాడు.

దుకాణం షట్టరు మీద సుద్దముక్కతో బూతులు రాసేవారు. అమ్మ పొద్దున నీళ్లు చల్లేటప్పుడే తుడిచేసేది. గంజ్‌లో శుభకార్యాలకు పిలుపులు ఆగాయి. హుల్సూర్ రైతులు కొందరు మానేశారు. కొందరు అలాగే వచ్చి, రొట్టె తిని, ఏమీ ఎరగనట్టు వానల గురించి మాట్లాడి పోయేవారు. వాళ్ల వల్లే మేం బతికాం.

విచారణ మొదలయ్యేసరికి నా డిగ్రీ పూర్తి కావొచ్చింది. సాక్ష్యానికి అమ్మతో నేనూ పట్నం వెళ్లాను. నన్నూ పిలవమని వకీలును అడిగాను. బాపు ఒప్పుకోలేదు. కోర్టులో సాదిక్‌ను అన్నేళ్ల తర్వాత చూశాను. జుట్టు పలచబడింది. అమ్మను చూసి లేచి నిలబడబోతే పక్కనున్న పోలీసు భుజం నొక్కాడు. అమ్మ బోనులో కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది. సర్కారు వకీలు వయసులో ఆమె కొడుకంత ఉంటాడు. చదువు వచ్చా అని అడిగాడు. రాదంది. గడియారం చూడటం వచ్చా అంటే, రాదంది. నవ్వులు వినిపించాయి. అప్పుడతను గొంతు మార్చి, "సొంత తమ్ముడు చనిపోయాడు. అయినా ఈ మనిషి మీద మీకు ఇంత ప్రేమ ఏమిటమ్మా? మీ ఇంటికీ అతనికీ సంబంధం ఏమిటి?" అన్నాడు. ఆ మాటలో ఏం దాగుందో హాల్లో అందరికీ అర్థమైంది.

అమ్మకు కూడా అర్థమైంది. బోను కమ్మీ గట్టిగా పట్టుకుంది. "ప్రేమ లేదు సారూ. ఆ పొద్దు వాని మీద నాకు కోపమే. బోర్డు తప్పు రాసి, తుడిచి, మళ్ల రాసుకుంట చీకటి జేసిండు. గడప మీద రంగు పోసిండు. తిట్టిన. తిట్టిన గనుకనే యాదికున్నది" అంది. తర్వాత జడ్జిగారి వైపు తిరిగి, "నా తమ్ముని చంపినోన్ని మీరు పట్టుకుంటే నేనే వచ్చి దండం పెడ్త. వీడు కాదు" అంది. బోను దిగింది. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకుంది. ఆమె గెలిచినట్టు మాకెవరికీ అనిపించలేదు. బాపు సాక్ష్యం ఇంకా తొందరగా అయిపోయింది.

తీర్పు ఇంకా చాలా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయి ఒక పాప. ఖాలా లేదు. సాదిక్ మీద మోపిన నేరం రుజువు కాలేదని వదిలేశారు. పేపర్లో ఆ వార్త లోపలి పేజీలో, బంగారం ధరల పక్కన వచ్చింది. మరి పేల్చింది ఎవరో ఆ వార్తలో లేదు, ఆ తర్వాత కూడా ఎక్కడా రాలేదు. కేసు మళ్లీ తెరిచినట్టు నాకు తెలియదు. సాదిక్ కుంచె పట్టుకుంటే చేయి వణికేది. లోపల వేళ్లకు ఏం చేశారో ఎన్నడూ చెప్పలేదు, మేం అడగలేదు. నౌబాద్ వైపు చిన్న ఇల్లు తీసుకుని, షమీమ్‌తో ఉంటూ, ఒక కార్ఖానా గేటు దగ్గర కాపలా పని చేశాడు. పెళ్లి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు.

అమ్మమ్మ చివరి రోజుల్లో కబురు పంపింది. అమ్మను రమ్మని కాదు, సాదిక్‌ను తీసుకురమ్మని. అమ్మా నేనూ అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాం. పెద్దమామ ఇంట్లో ఎవరూ పలకరించలేదు. అమ్మమ్మ మంచంలో ముడుచుకుని పిడికెడు మనిషై ఉంది. అతన్ని దగ్గరగా కూర్చోమంది. చేత్తో మొహం తడిమింది.

"నిజం చెప్పు. నువ్వు కాదా?"

"కాదు అవ్వా."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "మరి ఎవరు?" అంది.

సాదిక్ తల వంచుకున్నాడు. "తెల్వది అవ్వా. నేను గూడ లోపలికెంచి అందర్ని గదే అడిగిన" అన్నాడు. అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కొడుకును చంపినవాడి పేరు తెలియకుండానే ఆమె పోయింది. ఆమెకు ఆ పేరు చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు మరొక పేరు చెప్పి చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడు అన్నిటికీ జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆ పేలుడు గురించి ఫోన్‌లో వెతికితే ఒకరు ఇంకా సాదిక్ పేరే చెప్తారు. ఇంకొకరు సర్కారే చేయించిందని, అందుకు రుజువులున్నాయని గంటసేపు మాట్లాడతారు. రెండోరకం వాళ్లు కూడా నా దగ్గరికి వచ్చారు, మీ కథ చెప్పండి, మా సినిమాలో పెడతామని. అమ్మకు చెప్తే, "వాళ్లు చూసిండ్రా?" అని అడిగింది. చూడలేదన్నాను. "మరి వాళ్లకూ వీళ్లకూ ఫరక్ ఏమున్నది?" అంది. ఆనాడు మా ఇంట్లో ఒక్క పేపరు, ఒక్క రేడియో. వాటిని నమ్మడానికి మా బాపుకు ఒక జీవితం పట్టింది, నమ్మకం పోవడానికి కొన్ని నెలలు పట్టాయి. ఆ పోవడం ఆయనకు నొప్పి. ఇప్పుడు నమ్మడమూ, నమ్మకపోవడమూ రెండూ వేలు కదిపినంత తేలిక. ఎవరికీ ఏ నొప్పీ లేదు. అమ్మ తన కంటికి ఆనిన దానికి మించి చివరిదాకా ఒక్క మాట అదనంగా అనలేదు. ఆమె పోయిన రోజు సాదిక్ మళ్లీ వెనకాలే నడిచాడు.

నేను బీదర్ చేరిన సాయంత్రమే, అసర్ నమాజు తర్వాత సాదిక్‌ను మట్టి చేశారు. మూడో రోజు ఫాతిహా ప్రార్థన దాకా ఉండమంది షమీమ్. ఉన్నాను. ఆ మధ్యాహ్నం, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఇద్దరం చాప మీద కూర్చుని ఉంటే, గేటు దగ్గర మోటారు సైకిల్ ఆగింది. ఒక యువ కానిస్టేబుల్. హుమ్నాబాద్ వైపు పిల్లాడట, కొత్తగా ఈ ఠాణాకు వచ్చాడు. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడాడు.

"సాదిక్ ఉన్నడా అక్కా? రిపబ్లిక్ డే వస్తాంది గదా. ఊర్ల ఉన్నడా లేదా చూసి రమ్మన్నరు."

అప్పుడు గానీ నాకు తెలియలేదు. నిర్దోషి అని కోర్టు చెప్పాక కూడా ప్రతి జనవరిలో, ప్రతి ఆగస్టులో, దేశంలో ఎక్కడ ఏది పేలినా, ఇలా ఎవరో ఒకరు వచ్చి చూసి పోతూనే ఉన్నారు. సాదిక్ గానీ షమీమ్ గానీ ఒక్కసారీ మాతో అనలేదు.

షమీమ్ లేవలేదు. "ఊర్లనే ఉన్నడు బేటా. ఖబ్రస్తాన్ల ఉన్నడు" అంది.

ఆ పిల్లాడు చాపను, మూల కట్టగట్టిన పక్కబట్టలను చూసి టోపీ తీశాడు. "గొత్తిల్ల అక్కా. నాకు ఎవరు చెప్పలె" అన్నాడు. షమీమ్ నీళ్లిచ్చింది. తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "డెత్ సర్టిఫికెట్ ఉన్నదా?"

"ఇంక రాలే. నెల పడ్తదంట."

"మరి అది వచ్చేదాక ఠాణా లిస్టులకెంచి పేరు తీయరు అక్కా. మళ్ల ఎవరన్న వస్తరు. ఏమనుకోకండ్రి" అన్నాడు ఇబ్బందిగా.

షమీమ్ అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంది. "ఉండనీ బేటా. ఎన్నిసార్లు వస్తరో రండ్రి. ఇంక తీస్కపోయెటందుకు ఈడ ఎవరు లేరు" అంది.